మూసిన తూము

ఇంతకు ముందు నేనేదీ రాసి ఎరగను. నా చదువు ఐదో తరగతితోనే ఆగిపోయింది. మా భజన గురువుగారు జ్ఞానప్రసూనమ్మగారి దగ్గర జరిగింది ఒకటి మరుగున పడిపోకూడదని, తోచినట్టు రాస్తున్నాను.

ఎవరేమడిగినా ఆవిడ వెంటనే జవాబు చెప్పరు. మీ ఇల్లొకసారి చూపించమంటారు. మా భజనకి వచ్చే వరహాలమ్మతోనూ అదే అన్నారు. వరహాలమ్మ అడిగింది ఇది: "అమ్మా, మనసులోకి చెడ్డ ఆలోచన రాకుండా ఆపుకోడం ఎలాగ?"

ఆ ఆలోచన ఏదో పైకి చెప్పలేదు. విశాఖ పొలిమేరలో, కొండ కింద చెట్లమధ్య కాలనీలో వాళ్లాయన సూరప్పడు ఎంతో ముచ్చటపడి ఇల్లు కట్టాడు. వరహాలమ్మ ఇన్నేళ్లూ పక్కింటి పోపు ఘాటుకి తాను తుమ్మేంత ఇరుకు సందులో బతికిన మనిషి. ఇక్కడ ఆకు రాలినా ఉలిక్కిపడుతోంది. ఈ ఇల్లు అమ్మేసి పోతే బాగుణ్ణని రోజూ అనిపిస్తోంది. ఆయనేమో పొద్దున్నే కాఫీ తాగుతూ, "ఎలాగుందే మనిల్లు?" అంటాడు. "బాగుందండీ" అంటుంది. అన్నాక ఆ పూటంతా ఏ పనిమీదా చెయ్యి నిలవదు.

శుక్రవారం సాయంత్రం గురువుగారు వచ్చారు. కిటికీలకి బిగించిన వలలూ, గేటు కింద కొట్టిన రేకూ చూసి, "ఇది ఇల్లామ్మా, బిరడా బిగించిన సీసానా?" అని నవ్వారు. వరహాలమ్మ సిగ్గుపడుతూనే చెప్పుకుంది. కొండమీంచి పాములు దిగుతున్నాయనీ, పెరటిగోడ అడుగున వాననీళ్లు పోయే తూము కూడా సిమెంటుతో మూసేశాననీ, అయినా రోజుకొకటి వస్తూనే ఉందనీ.

గురువుగారు పెరటిగుమ్మంలో పీట వేయించుకుని కూర్చున్నారు. పొద్దు వాలుతుండగా అరటిచెట్ల వెనకనించి జెర్రిపోతు ఒకటి బయటికొచ్చింది. గోడవారనే పాక్కుంటూ తూము దాకా వెళ్లి, సిమెంటుకి తల ఆనించి, వెనక్కి తిరిగింది. ఆ చివరి మూల దాకా పోయి మళ్లీ తూము దగ్గరికే వచ్చింది. మళ్లీ మూలకి. వరహాలమ్మ కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ చూస్తోంది. దాని తోక చివర తెగి ఉంది. నిన్న కనబడ్డదాని తోకా తెగే ఉంది. మొన్నటిదీ అంతే.

"ఇన్నాళ్లూ ఒక్కటేనా అమ్మా?" అంది మెల్లగా.

"రాకుండా మూశావు, సరే. లోపలున్నది ఎటు పోతుంది?" అన్నారు గురువుగారు. వెళ్తూ, చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటూ ఇంకొక్క మాటన్నారు: "తూము తీశాక పక్కకి తప్పుకో వరాలూ. ఎదురుగా నిలబడితే అది బయటికి రాదు."

మర్నాడు పొద్దున్నే వరహాలమ్మ గునపం తెచ్చి సిమెంటు పెళ్లగించింది. చేతులు కడుక్కుని కాఫీ కలిపింది. సూరప్పడు పెరటిమెట్టు మీద కూర్చుని గ్లాసందుకుని, అలవాటుగా, "ఎలాగుందే మనిల్లు?" అన్నాడు.

ఆమె ఆయన ఎదురుగా నిలబడలేదు. పక్కకి తప్పుకుని, తూము వైపే చూస్తూ, "నాకిక్కడ బాగోలేదండీ" అంది.