సారు బూట్లు తడవకూడదని

గుమ్మడివలసలో తవిటయ్య అని ఒక సర్పంచ్ ఉండేవాడు, మనిషి బంగారమే గానీ పైనుంచి ఏ ఆఫీసరొచ్చినా ఊరి కష్టం కనపడనిచ్చేవాడు కాదు. "ఇంటికొచ్చిన చుట్టానికి చిరిగిన చాప ఏస్తామేట్రా?" అనేవాడు. ఆయన లెక్కలో ఆఫీసరంటే చుట్టమే.

ఊరికీ రోడ్డుకీ మధ్యలో ఒక గెడ్డ ఉంది, అంటే వాగు. ఎండాకాలం మోకాల్లోతు, వానాకాలం పీకల్లోతు. వంతెన లేదు. అంతే, ఊరి కష్టం మొత్తం అదే.

ఒక వేసవిలో కబురొచ్చింది. బండి వెళ్లని ఊళ్లేవో రాసుకోడానికి ఒక సారు వస్తున్నాడంట. అలాంటి ఊళ్లలో కడుపుతో ఉన్న ఆడాళ్లని కాన్పుకి పదిహేను రోజుల ముందే తీసుకెళ్లి, పెద్దాసుపత్రి పక్కన వసతింట్లో ఉంచి చూసుకుంటారంట. వంతెన మాట తర్వాత, ముందు ప్రాణాలు దక్కుతాయి కదా.

తవిటయ్య ఏం చేశాడో తెలుసా? ఊరందర్నీ పోగేసి మూడ్రోజులు ఇసక బస్తాలు నింపించాడు. గెడ్డకి అడ్డంగా పేర్పించి, పైన గ్రావెల్ పోయించి, సారు జీపు కోసం దారి చేయించాడు!

ఊళ్లో ఆశా కార్యకర్త సుగుణకి ఒళ్లు మండిపోయింది.

"ఇదేటి మావయ్యా? ఆయన్ని తడవనీ. తడిస్తేనే కదా రాస్తాడు!"

"నోర్ముయ్యే గుంటా. సారు బూట్లు తడిస్తే ఊరికి పరువుంటదా?"

"పరువుతో పురుళ్లు పోస్తానా నేను?"

అందరూ నవ్వేశారు. అందరికన్నా గట్టిగా నవ్వింది తవిటయ్య కూతురు గౌరీశ్వరి. అయిదో నెలతో పుట్టింటికొచ్చి ఉంది. "నాన్నా, ఆ బస్తాలు నా పురుడయ్యేదాకా ఉంచు మరి!" అంది.

"ఉంచుతాలేమ్మా," అన్నాడు తవిటయ్య.

సారొచ్చాడు. జీపు బస్తాల మీదుగా ఊళ్లోకి వచ్చి ఆగింది. సారు కాగితం తీసి, "ఊళ్లోకి బండి వస్తుందా?" అని చదివాడు. తనొచ్చిన జీపు వైపు చూసుకుని నవ్వి, వస్తుందని రాసేశాడు.

"బాబూ, వానలు పడితే..." అని సుగుణ మొదలెట్టింది.

"సుగుణా, సారుకి కొబ్బరినీళ్లు తే," అన్నాడు తవిటయ్య. తర్వాత సారుతో, "మాకే లోటూ లేదు బాబూ," అన్నాడు. సారు చాలా సంతోషించాడు. చెయ్యి కూడా కలిపాడు. ఆ చేతిని తవిటయ్య వారం రోజులు అందరికీ చూపించాడు.

మొదటి వానకే బస్తాలు కొట్టుకుపోయాయి.

గౌరికి తొమ్మిదో నెల వచ్చింది. వాన తెరిపిచ్చి నీళ్లు తగ్గిన రోజు చూసి సుగుణ ఆమెని మెల్లగా గెడ్డ దాటించి వసతింటికి తీసుకెళ్లింది. అక్కడి నర్సమ్మ లిస్టు మొత్తం వెతికి పాపం తల పట్టుకుంది. "మీ ఊరు లేదమ్మా. మీకు బండొస్తుందని రాసుంది. లిస్టులో ఉన్నోళ్లకే మంచాలు చాలట్లేదు." ఇద్దరూ వెనక్కి వచ్చేశారు.

పది రోజులకి, జోరు వానలో, పొద్దున్నే నొప్పులొచ్చాయి. సుగుణ ఫోన్ చేస్తే అంబులెన్సు గంటలో వచ్చింది. వచ్చి అవతలి గట్టున ఆగిపోయింది. నలుగురు గౌరిని నులకమంచం మీద ఇవతలి గట్టుకి మోసుకొచ్చారు. గెడ్డ ఎర్రగా పొర్లుతోంది. మంచం కాదు కదా, మనిషి కూడా దిగలేడు.

"మీ ఊరికి రోడ్డుందని రాసుంది కదయ్యా!" అని అవతల్నించి డ్రైవరు అరిచాడు.



టార్పాలిన్ పట్టా కింద, ఆ గట్టు మీదే సుగుణ పురుడు పోసింది. ఆడపిల్ల పుట్టింది, బాగా ఏడ్చింది. కానీ గౌరికి రక్తం ఆగలేదు. ఆపే సూదిమందు అంబులెన్సులో ఉంది. అంబులెన్సు కళ్లెదుటే ఉంది, దాని లైటు తిరుగుతూనే ఉంది. దాంట్లో వచ్చిన కుర్రాడు మందు పెట్టె పట్టుకుని రెండుసార్లు నీళ్లలోకి దిగాడు, రెండుసార్లూ ప్రవాహం వెనక్కి తోసేసింది.

"నాన్నా, చలేస్తంది," అంది గౌరి. తవిటయ్య తన కండువా, చొక్కా అన్నీ తీసి కప్పాడు. ఆ తర్వాత ఆమె ఇంకేం అనలేదు.

మధ్యాహ్నానికి నీళ్లు తగ్గాయి.

నెల తర్వాత అదే సారు మళ్లీ వచ్చాడు, బాలింత ఎలా పోయిందో రాసుకోడానికి. కబురు తెలియగానే అలవాటు కొద్దీ ఇద్దరు ముగ్గురు బస్తాలు తెచ్చారు. తవిటయ్య ఆ బస్తాలన్నీ లాక్కుని వాటి మీద కూర్చున్నాడు. "ఒక్క బస్తా ఏసినా నా మీద ఒట్టే," అన్నాడు.

జీపు అవతలే ఆగింది. "ఇక్కడ దారుండాలి కదా, పోయినసారి వచ్చాను!" అన్నాడు సారు.

"అది మీకోసం ఏసింది బాబూ. మా దారి ఇదే. దిగి రండి."

సారు బూట్లతోనే దిగాడు. నడుము దాకా తడిశాడు. మధ్యలో కాలు జారితే తవిటయ్యే ఎదురెళ్లి చెయ్యి పట్టుకున్నాడు. గట్టెక్కాక ఒక చోట ఆపి, "ఇక్కడే బాబూ, మా అమ్మాయి. ఆ రోజు ఈ సుగుణ చెప్పబోతే నేనే నోరు మూయించాను," అన్నాడు.

సారు నీళ్లోడుతున్న తన బూట్ల వైపు చూసుకున్నాడు. "నేనూ ఆ రోజు గెడ్డ దగ్గర జీపు దిగి చూడలేదు. ఈమెని ఒక్క మాట అడగలేదు," అన్నాడు. తర్వాత సుగుణ వైపు తిరిగి, "చెప్పమ్మా, మొదట్నించి చెప్పు," అని కాగితం తీశాడు. సుగుణ చెప్పింది, ఆయన రాశాడు.

ఊరు లిస్టులోకెక్కింది. ఆ వానాకాలం ఇంకో ఇద్దరు ఆడాళ్లు వసతింటికెళ్లి పిల్లల్ని ఎత్తుకుని నవ్వుతూ వచ్చారు. వాళ్లొచ్చిన రోజు తవిటయ్య మనవరాల్ని ఒళ్లో పెట్టుకుని గట్టు మీదే కూర్చున్నాడు, ఎవరెంత పిలిచినా లేవలేదు.

నీతి: కష్టం చూడ్డానికి వచ్చినవాళ్ల దగ్గర కష్టాన్ని దాచకూడదు, చూడ్డానికి వచ్చినవాళ్లు కూడా అక్కడి జనం నడిచే దారిలోనే నడిచి చూడాలి.