పాలకుల కూర

తోటపనిలో నేనెవర్నీ సలహా అడగను. పనిలో ఉన్నవాళ్ళని ఇబ్బంది పెట్టడం నా స్వభావంలో లేదు. నేనింత మొహమాటస్తుణ్ణి కాబట్టే మా పెరట్లో విత్తనాలు కూడా మొహమాటపడి నేల పైకి రావు. అందుకని ఆకుకూరల్ని కథల్లో పండించుకుంటూ ఉంటాను.

ఎక్కడో ఒక రాజ్యం. ఏలేవాడు ఉద్దండరాయుడు. ఆ యేడు ఎండలు మొదలవుతూనే ఆయనకి వ్యాకరణం పట్టుకుంది. చెవినబడ్డ ప్రతి మాటనీ విరిచి చూసేవాడు.

ఒకనాడు సభలో, "పాలకూర అనగా పాలకుల కూర! ఇకపై దాన్ని ప్రభువులే తినాలి. ప్రజల పెరళ్ళలో ఉన్నదంతా రేపు పీకించండి" అన్నాడు.

ఆ సాయంత్రం ఆకుకూరలమ్ముకునే గవరమ్మ వచ్చి, ఆస్థాన విదూషకుడు పేరయ్య గుమ్మంలో కూలబడింది.

"బాబూ, కొత్తిమీర ఎండకి మాడిపోయింది. మెంతికూర ముదిరిపోయింది. కొబ్బరాకులు కప్పి, రెండు పూటలా నీళ్ళు మోసి ఆ పాలకూర మడి ఒక్కటే బతికించుకున్నాను. అదీ పీకేస్తే నేనేం అమ్ముకోను, ఏం తినను?"

"భటులెప్పుడొస్తారు?"

"రేపు భోజనాల వేళ దాటాక అంట."

"అయితే ఫరవాలేదు. వెళ్ళి మడికి నీళ్ళు పెట్టుకో."

మర్నాడు రాజుగారు భోజనానికి కూర్చోగానే పేరయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ప్రభూ, తమ సూత్రం అమోఘం. కానీ ఒక్క కూరతో ఆపేస్తే తక్కినవి చిన్నబుచ్చుకోవూ?"

"అడగవోయ్, అడుగు!" అన్నాడు రాజు, నెయ్యి వేసిన పప్పన్నం కలుపుతూ.

"దోసకాయ ఎవరిది ప్రభూ?"

రాజుగారి కళ్ళు మెరిశాయి. "పామరులు దోషాన్ని దోసం అంటారు. కనక దోసకాయ దోషుల కాయ!"

"ఆహా! మరి అది తినేవాడు?"

"దోషి! సందేహమేముంది?"

"ఎంతటివాడైనా?"

"ఎంతటివాడైనా సరే, కొరడా దెబ్బలు పడాల్సిందే!" అని రాజు ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

పేరయ్య వంటవాడి వైపు తిరిగి, "అప్పన్నా, ప్రభువులకి ఇంకాస్త దోసకాయ పప్పు వడ్డించవయ్యా" అన్నాడు మెల్లగా.

వంటవాడు గరిటె పట్టుకుని ఎటూ కదల్లేదు. రాజుగారి ముద్ద లోపలికీ వెళ్ళలేదు, బయటికీ రాలేదు. చివరికెలాగో మింగి, పేరయ్యకేసి చూసి, పొలమారేదాకా నవ్వాడు.

"కొరడా నువ్వే తెస్తావా, నన్నే తెప్పించుకోమంటావా?"

"ఆజ్ఞ వెనక్కి తీసుకుంటే చాలు ప్రభూ. పాలకూర గవరమ్మదవుతుంది. దోసకాయ మళ్ళీ దోసకాయవుతుంది."

రాజు భటుల్ని ఆపించాడు. గవరమ్మ మడికి కోట బావి నుంచి కాలువ తీయించాడు. పేరయ్యకి తన చేతి కంకణం తీసిచ్చి, పక్కనే పీట వేయించాడు.

"కూర్చోవోయ్. ఈ నేరంలో నీకూ వాటా ఉండాలి!"

పేరయ్య గొప్పంతా ఆ మాట ఏ ముద్ద దగ్గర అనాలో తెలియడంలో ఉంది. నాకు మాట దొరికేసరికి అందరూ చేతులు కడుక్కుని లేచిపోయి ఉంటారు. ఆ విద్య నాకింకా రాలేదు.