శవం వేషానికి వెండి కడియం

కాగడాల వెలుగులో నాటకాలాడే రోజుల్లో ఒక దొర ఉండేవాడు. ఏటా నాటకాల పండగ పెట్టి, అందరికన్నా బాగా ఆడినవాడి చేతికి వెండి కడియం తొడిగేవాడు. అది ఏటా రాజు వేషం కట్టే ఆయన బావమరిది జగ్గరాజుకే పోయేది.

జగ్గరాజు ఆడే మేళంలోనే మాలకొండయ్యది, రాజు ఏడ్చే శవం వేషం. ఆ వేషంతోనే వాళ్ళింట్లో పొయ్యి వెలిగేది.

ఆ ఏడు ఆట మొదలవబోతుంటే జగ్గరాజు దొరతో, "బావా, ఊరికే పడుకోడానికి మనిషెందుకు? గడ్డిబొమ్మ చాలు. వీణ్ణి మాన్పించెయ్" అన్నాడు.

మాలకొండయ్య చేతులు కట్టుకుని జగ్గరాజుతో, "అయ్యగారూ, ఇవాళ ఒక్కపూట మీరు పడుకోండి, మీరు ఏడ్చే ఏడుపు నేనేడుస్తా. మీరు కదలకుండా ఉంటే నేనే వెళ్ళిపోతా" అన్నాడు.

దొరకి సరదా పుట్టి సరేనన్నాడు.

జగ్గరాజు చాపమీద పడుకున్నాడు. శవం దగ్గర ఏడుపుమాటలు ఎవరికి తోచినవి వాళ్ళు కట్టుకోవడం ఆ మేళంలో అలవాటు. మాలకొండయ్య రొమ్ము బాదుకుంటూ ఎత్తుకున్నాడు.

"నా నాయనా, నువ్వు పద్యమెత్తుకుంటే ఊళ్ళో కుక్కలన్నీ మొరిగేవి కదయ్యా..."

"ఎప్పుడు మొరిగాయిరా?" అంటూ శవం లేచి కూర్చుంది.

జనం పొట్టలు పట్టుకున్నారు. దొరకీ నవ్వాగలేదు.

"దొరా, అయ్యగారు ఏటా ఏడుస్తూ ఏడుస్తూ నా చెయ్యి తొక్కేవారు. నేనెప్పుడైనా లేచానా?" అన్నాడు మాలకొండయ్య.

కడియం ఆ చేతికే ఎక్కింది.

మర్నాటి ఆటలో మాలకొండయ్య మళ్ళీ శవంగానే పడుకున్నాడు, కడియమున్న చెయ్యి మాత్రం దుప్పటి బయట పెట్టుకుని. జగ్గరాజు ఏడుస్తూనే ఆ చెయ్యి చూసుకుని పక్కనుంచి నడిచాడు.