రెండు వాకిళ్ళ బొరియ

ముందు కొండమీది నరసింహస్వామికి ఒక దండం పెట్టుకోండి. ఆ వెనక కబుర్లాడుకుంటున్న తల్లులు కూడా పెట్టాకే మొదలుపెడతాను. పెట్టారా? సంతోషం. లోపలా కాదు, బయటా కాదు, గడప మీద కూర్చోవడం ఆ స్వామికే చెల్లింది. నక్కకి చెల్లదు. ఎందుకో వినండి.

ఒక ఎండిన వాగు. దానికి పడమట సింహం ఏలే అడవి, తూర్పున ఏనుగు ఏలే అడవి. రెండు చోట్లా ధర్మం ఒకటే. ఏ అడవిలో కాపురముంటే ఆ అడవి కొట్టుకి సంపాదనలో భాగం ఇవ్వాలి. వానాకాలమంతా పెద్ద గుహలో అందరూ తలదాచుకుని తినేది ఆ కొట్లోదే.

పడమటి ఎలుగుబంటికి తూర్పున తేనెపట్లు ఎక్కువని తెలిసింది. సంసారంతో బయల్దేరుతూ సింహం ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

"దొరా, గుహ ఖాళీ చేశాను. ఈ ఏటి భాగం ఇచ్చేశాను. నన్నిక మీ వాళ్ళలోంచి తీసెయ్యండి."

తిన్నగా ఏనుగు దగ్గరకెళ్ళి, "ఇవాళ్టి నుంచి మీవాణ్ణి" అంది. ఏనుగు వాగవతలికి ఒక కేకేసి, నిజమేనా అని సింహాన్ని అడిగి కనుక్కుంది.

"అక్కడిచ్చిన తేనె ఇక్కడ మళ్ళీ అడగం. మా వంతు కాస్త ఎక్కువ. ఆ తేడా ఇచ్చి హాయిగా ఉండు."

చాటునుంచి చూస్తున్న నక్క పొట్ట పట్టుకు నవ్వింది.

"ఏం మామా! మెడ వంచింది చాలక, రెండు చోట్లకీ నువ్వే వెతుక్కుంటూ పోయి వంచావా?"

"వదిలిన చోట చెప్పి పోవాలి, వచ్చినచోట చెప్పి ఉండాలి అల్లుడూ. కంటినిండా నిద్ర పడుతుంది."

"చెప్పకుండానే నాకు గురక కూడా వస్తోంది. నా ఇల్లు చూశావా?"

ఆ ఇల్లేమిటంటారా? వాగు ఇసుక కిందుగా నక్క బొరియ తవ్వింది. ఒక వాకిలి సింహం గట్టున, ఇంకోటి ఏనుగు గట్టున! సింహం తరఫున పడమటి కొండముచ్చు భాగం అడగడానికొస్తే, నక్క తూర్పు వాకిట్లోంచి తల బయటపెట్టేది.

"అయ్యో అన్నా, మాది ఈ గట్టు. అటు చుట్టపుచూపుగా వచ్చిపోతుంటాం."

ఏనుగు తరఫున తూర్పు కుందేలు వస్తే పడమటి వాకిట్లోంచి పలికేది.

"తమ్ముడూ, మేం సింహంగారి మనుషులం. అటు గాలికోసం వస్తాం, అంతే."

పట్టిన కోడి, ఏరిన రేగుపండు, అన్నీ సొంత కడుపుకే. పెళ్ళాం మాత్రం గొణిగేది.

"ఏదో ఒక గట్టు వాళ్ళమని చెప్పి చావరాదూ? గోడమీది పిల్లి నయం, దానికి గోడైనా ఉంది. పిల్లలింకా కళ్ళయినా తెరవలేదు."

"నీకు తెలీదు, ఊరుకో!"

ఒకనాడు కొండముచ్చూ కుందేలూ వాగులో ఎదురుపడ్డాయి.

"మీ నక్క కులాసానా?"

"మా నక్కేమిటి బాబూ, అది మీది కదా!"

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు.

"ఏం చేద్దామంటావు?"

"మనం చేసేదేముంది? మబ్బు చూడు."

దేవుడి దయ, ఆ ఏడు వానలు తొందరగా దిగాయి. వాగు ఒక్క ఊపున వచ్చింది. బొరియలోకి రెండు వాకిళ్ళనుంచీ నీళ్ళే! చెరో పిల్లనీ నోట కరుచుకుని నక్కా పెళ్ళామూ సింహం గుహకి పరిగెత్తాయి. కొండముచ్చు అడ్డం నిలబడింది.

"చుట్టపుచూపా అన్నా? వానల్లో చుట్టాలకి చోటెక్కడిది? మీ గట్టుకి పో."

వాగుకి అడ్డంగా పడున్న మద్దిమాను మీదుగా అవతలికి ఉరికాయి. అక్కడ కుందేలు.

"సింహంగారి మనుషులు ఇటొచ్చారేం? ఈ వానలో గాలికోసమా?"

మళ్ళీ మాను ఎక్కాయి. కింద వరద, నోట్లో పిల్లల వణుకు. ఈ గోలకి అటు సింహం, ఇటు ఏనుగు గట్టు మీదకొచ్చాయి.

"ఎవరి వాడివిరా నువ్వు?" అంది సింహం.

నక్క పిల్లని మాను మీద దింపి, "మీవాణ్ణే దొరా!" అంది.

"అయితే మాకేమవుతావు?" అంది ఏనుగు.

"తమరి వాణ్ణి కూడా మహాప్రభో! రెండు చోట్లా నా కాపురమే!"

పెళ్ళాం తల బాదుకుంది. సింహం మీసం దువ్వింది.

"విన్నారా ఏనుగుగారూ? తన నోటితో తనే ఒప్పుకున్నాడు. మా భాగం మాకు, మీ భాగం మీకు."

"అన్యాయం! ఎలుగు మామ అక్కడిచ్చింది ఇక్కడ చెల్లిందే!"

"పిచ్చివాడా," అంది ఏనుగు, "ఎక్కడో ఒకచోట ఇస్తేనే కదా ఇంకోచోట చెల్లేది!"

అంటూనే తొండం చాచి పిల్లల్నీ తల్లినీ గట్టుకి చేర్చింది. పసిగుడ్ల మీద పంతమేమిటండీ! ఎలుగుబంటి వాళ్ళని గుహలో తన పక్కన వెచ్చగా పడుకోబెట్టింది. నక్క మాత్రం ఆ వానాకాలమంతా మద్దిమాను మీద తడుస్తూ, ఈ కొట్టుకొక మూట, ఆ కొట్టుకొక మూట మోస్తూనే ఉంది.

నీతి: ఒకచోట సరిగ్గా ఇచ్చినవాణ్ణి రెండు ఊళ్ళూ నమ్ముతాయి, ఎక్కడా ఇవ్వనివాణ్ణి రెండు ఊళ్ళూ అడుగుతాయి.