రాజుగారు నూరిన వెలగపచ్చడి

ఒకానొక రాజ్యంలో, ఎక్కడని మాత్రం అడక్కండి, ఉద్దండవర్మ అనే రాజు ఉండేవాడు. తిండికి ముందు, దండుకు వెనక అన్న సామెత ఆయన కోసమే పుట్టిందని జనం చాటుగా అనుకునేవారు. పైగా, తనకు నచ్చింది ఇంకెవరికీ దక్కకూడదన్న పిచ్చి పంతం ఒకటి.

ఆయన కొలువులో విదూషకుడు పేరిభొట్లు. పేరిభొట్లుకు భార్య బుచ్చెమ్మ అంటే ప్రాణం. ఆమె చేసే వెలగపండు పచ్చడి అన్నా ప్రాణమే. రెండింటిలో ఏది ఎక్కువని ఎవరూ అడగకపోవడం అతని అదృష్టం.

ఒకనాడు రాజుగారు వేట నుంచి వస్తూ, ఆకలికి ఆగలేక పేరిభొట్లు ఇంట్లో విస్తరి ముందు కూర్చున్నారు. పచ్చడి కలిపిన మొదటి ముద్దకే కళ్ళు మూసుకున్నారు. కళ్ళు తెరుస్తూనే శాసనం చేశారు.

"నేటి నుంచి వెలగపచ్చడి మా ఒక్కరిదే. బుచ్చెమ్మ ఇంట్లో చేసి రోజూ కోటకు పంపాలి. మరెవరి నాలుక తగిలినా దేశబహిష్కారం."

పేరిభొట్లు చేతులు జోడించాడు. "మరి మా గతేమిటి ప్రభూ?"

"వాసన చూసుకోండి. దానికి మేం అడ్డురాం" అన్నారు రాజుగారు ఉదారంగా.

మర్నాడు కోటకు పచ్చడి వెళ్ళింది. కాసేపటికి పేరిభొట్లుకు పిలుపు వచ్చింది.

"ఇది పచ్చడా, ఉప్పు కషాయమా?" అని రాజుగారు మండిపడ్డారు.

"చిత్తం. ఏ వెలగపండు పులుపు దానిది మహాప్రభూ. చవి చూసి ఉప్పూ బెల్లం సరిపెట్టుకోవాలి. శాసనం ప్రకారం చవి చూడదగ్గ నాలుక ఈ రాజ్యంలో తమరిదొక్కటే."

రాజుగారు మీసం దువ్వుకున్నారు. శాసనం తనదే, కాదనలేరు. "అయితే మేమే వస్తాం" అన్నారు.

వచ్చారు. శ్వేతచ్ఛత్రం వంటింటి గుమ్మంలో పట్టక బయటే ఉండిపోయింది. బుచ్చెమ్మ మిరపకాయలు వేయించేసరికి రాజుగారు ఒకటే తుమ్ములు. కిరీటం ఎగిరి మినప్పిండిలో పడింది. అయినా పీట దిగకుండా చవి చూస్తూ, "కాస్త బెల్లం, ఇంకాస్త" అంటూ పచ్చడి కుదిర్చారు.

బుచ్చెమ్మ పచ్చడిని జాడీకెత్తింది. రోటికి అంటుకున్న పచ్చడిలో వేడన్నం, నెయ్యి వేసి కలిపింది. ఆ ఘుమఘుమకు రాజుగారు చెయ్యి చాచారు.

బుచ్చెమ్మ ముద్ద వెనక్కి తీసుకుంది. "తప్పు మహారాజా. రోట్లో అన్నం నూరినవాళ్ళది. ఈ ఆచారానికి మా అత్తగారే కట్టుబడింది. నూరింది నేనే అయినా శాసనం ప్రకారం తినకూడదు గనక కాకికి వేస్తాను."

"కాకి నాలుక తగిలినా బహిష్కారమే గదా" అన్నాడు పేరిభొట్లు వినయంగా. "దాన్ని ఏ దిక్కుకు తోలాలో సెలవిప్పించండి."

రాజుగారికి పౌరుషం వచ్చింది. ఇంకో పండు పగలగొట్టించి, పట్టుబట్టలు ఎగదోపి రోటి ముందు కూర్చున్నారు. నూరారు. చెమట కళ్ళలోకి కారింది. ఆ కారం చేత్తోనే కళ్ళు తుడుచుకున్నారు. ఇక చూడాలి ఆ తాండవం.

"రోట్లో తలదూర్చి రోకటిపోటుకు వెరిస్తే ఎలా మహారాజా" అంది బుచ్చెమ్మ, చెంబుతో నీళ్ళందిస్తూ.

చివరికి ఆ రోటి ముద్ద దక్కింది. రాజుగారు ముక్కు ఎగబీలుస్తూ, కన్నీళ్ళు కారుస్తూ, పరమానందంగా తిన్నారు.

"ఇంత రుచి మా కోటలో ఎన్నడూ ఎరగం. రేపూ ఉంటుందా?"

"తమరు నూరితే ఉంటుంది" అన్నాడు పేరిభొట్లు. "ఎల్లుండీ తమరే, ఆపైనా తమరే. ఈలోగా శత్రురాజులెవరైనా దండెత్తి వస్తే, ప్రభువులు రోటి దగ్గరున్నారు, కాస్త ఆగమని చెబుతాను."

రాజుగారు ఎర్రగా కందిన అరచేతులు చూసుకున్నారు. పిండి పూసుకున్న కిరీటాన్ని చూశారు. బొజ్జ అదిరేలా పకపకా నవ్వేశారు. "శాసనం రద్దు. ఎవరింటి పచ్చడి వాళ్ళు తినండి. పేరిభొట్లూ, నీకో అగ్రహారం ఇస్తున్నాం. ఎక్కడ కావాలో కోరుకో."

"అగ్రహారం ఎక్కడికీ పోదు ప్రభూ" అన్నాడు పేరిభొట్లు, విస్తరి పరుచుకుంటూ. "ముందా జాడీ ఇటు జరపండి. అన్నం చల్లారిపోతోంది."