గవరయ్య నాలుక

రాజుగారి వంటశాల పెద్ద గవరయ్యకి తనకన్నా బాగా వండేవాళ్లంటే ఒళ్లుమంట. కొత్త వంటవాళ్లను ఎంచే పనీ ఆయనదే. ఆయన రుచి చూసి సరే అన్నాకే ఎవరి వంటైనా రాజుగారి విస్తట్లోకి వెళ్లేది. అందుకని ఎప్పుడూ ఉప్పూ పులుపూ తెలియనివాళ్లనే ఏరి పెట్టుకునేవాడు. పాపం, రాజుగారు రోజురోజుకీ చిక్కిపోతున్నారు.

ఈసారి ఎంపిక రాజుగారి ఎదుటే జరిగింది. సత్రంలో వండిపెట్టే నాంచారమ్మ గుమ్మడికాయ దప్పళం చేసి తెచ్చింది. ఒక్క చుక్క నాలుక మీద పడగానే గవరయ్య కడుపు భగ్గుమంది. ఇన్నేళ్లలో ఆయన చేతికి ఆ రుచి ఎన్నడూ రాలేదు.

"కుడితిలా ఉంది, పంపించెయ్యండి" అన్నాడు. ఎంపికకి వచ్చిన ఇంకొకడి మాడిన పులుసుని మాత్రం ఆహా అని మెచ్చుకున్నాడు.

నాంచారమ్మ కదల్లేదు. "మహారాజా, ఈయన నాలుక చాలా మంచిది. ఎవరు బాగా వండారో ఇట్టే పసిగడుతుంది, కాకపోతే వాళ్లనే గెంటేస్తుంది. ఈయన్ని మార్చకండి. ఈయన ఛీ అన్నవాళ్లని పనిలో పెట్టుకోండి, చాలు."

రాజుగారు నవ్వి, అలాగే చేద్దామన్నారు.

తన ఛీతోనే ఆవిడకి పని దొరికేట్టుందని గవరయ్యకి అర్థమైంది. ఇక ఆవిణ్ణి ఆపాలంటే మెచ్చుకోవడం ఒక్కటే దారి. గబగబా తన గరిటెతో ఇంకో చుక్క తీసి నాకి, "పొరబడ్డాను ప్రభూ. ఇలాంటి దప్పళం నా జన్మలో తినలేదు" అన్నాడు.

"వంటశాల పెద్దవి, నువ్వే అంత మాటన్నాక ఇంకేం కావాలి" అన్నారు రాజుగారు. "ఆ గరిటె ఆవిడ చేతికిచ్చెయ్."