పైడితల్లి నాడి

హైమవతికి తన చార్టులంటే గర్వం.

ఆపరేషన్‌కు మత్తిచ్చిన దగ్గర్నుంచి రోగి కళ్లు తెరిచేదాకా అయిదేసి నిమిషాలకు నాడి, బీపీ చూసి కాగితం మీద చుక్కలు పెట్టి కలపాలి. తోటి పీజీ డాక్టర్ల గీతలు మెట్లెక్కి దిగుతుంటే, ఆమెది స్కేలు పెట్టి గీసినట్టుండేది. సర్జన్లు ఆమె డ్యూటీ ఉన్నరోజు చూసుకుని మరీ కేసులు పెట్టుకునేవారు.

ఒక్క సందేహం మాత్రం ఆమెను వదల్లేదు. ఒళ్లెరగని నిద్రలో ఉన్న మనిషికి కత్తి ఆనగానే గుండె ఎందుకు ఉలిక్కిపడుతుంది? మత్తు విభాగానికి పెద్దాయన నిజాముద్దీన్ గారినే అడిగిందొకసారి. ఆయన "చూద్దాంలే అమ్మా," అన్నారు. అంతే.

తెర మీద అంకెలు పరిగెత్తే యంత్రాలు ఇంకా రాని కాలమది. పాదరసం బీపీ పెట్టె, ఊపిరి ఊదే నల్ల రబ్బరు సంచి, రోగి ఛాతీకి ప్లాస్టరుతో అతికించిన స్టెతస్కోపు. థియేటరంతా హాలోథేన్ అనే మత్తుమందు తియ్యటి వాసన. ఇప్పుడది ఎక్కడా లేదు. హైమవతికి మాత్రం ఆ రోజులు తలచుకుంటే ముందు ఆ వాసనే వస్తుంది.

ఒకరోజు ఆపరేషన్ బల్ల మీదున్నది పైడితల్లి. చేపలమ్ముకునే మనిషి. పిత్తాశయంలో రాళ్లు. మత్తు సూది పడేముందు హైమవతి చెయ్యి పట్టుకుని, తెలివొచ్చేదాకా పక్కనే ఉంటావా అని అడిగింది. ఉంటానంది హైమవతి.

మత్తిచ్చింది. కండరాలు కదలకుండా మందిచ్చింది. గొట్టం వేసి సంచి నొక్కసాగింది. సర్జన్ కోత పెట్టాడు.

చెవిలో పైడితల్లి గుండె పరుగందుకుంది. నాడి నూట ఇరవై నాలుగు. బీపీ నూట డెబ్బై దాటింది. హైమవతి కంగారుపడలేదు. గుండె వేగం తగ్గించే మందు కొద్దికొద్దిగా నరంలోకి ఎక్కించింది. పది నిమిషాల్లో అంకెలు దారికొచ్చాయి. గీత మళ్లీ చదునుగా సాగింది.

అప్పుడే నిజాముద్దీన్ గారు లోపలికొచ్చారు. చార్టు చూశారు. రోగి ముఖం చూశారు. కనురెప్పలకు వేసిన ప్లాస్టరు అంచున దూదితో అద్ది, ఆ దూది తెచ్చి హైమవతి అరచేతిలో పెట్టారు.

తడిగా ఉంది. వెచ్చగా ఉంది.

ఆయన హాలోథేన్ మర తిప్పి మత్తు పెంచారు. నొప్పి తెలియకుండా పెథిడిన్ తెప్పించి ఎక్కించారు. పైడితల్లి చెంప తుడిచి, నాడి మీద వేళ్లుంచి నిలబడ్డారు. కాసేపటికి కళ్ల తడి ఆగింది.

ఆపరేషన్ బాగానే అయింది. హైమవతి మాత్రం స్ట్రెచరు పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. భోజనానికి పిలిస్తే వెళ్లలేదు. లోపల పైడితల్లికి ఎంత తెలిసిందో, ఎంత ఓర్చుకుందో అన్న ఆలోచనే.

సాయంత్రం నాలుగింటికి పైడితల్లి పూర్తిగా తెలివిలోకొచ్చింది. హైమవతి వంగి, మధ్యలో ఏమైనా తెలిసిందా అని మెల్లగా అడిగింది.

"ఏటీ తెలీనేదమ్మా," అందామె. తర్వాత హైమవతి ముఖంలోకి చూసి, "నువ్వన్నం తిన్నావా?" అంది.

హైమవతి ఆమె మీద దుప్పటి సరిచేసి లేచింది.

చార్టు తీసుకుని నిజాముద్దీన్ సారు గదికి వెళ్లింది. నూట డెబ్బై దగ్గర గీత పైకి లేచిన చోట, తానిచ్చిన మందు పేరు, పక్కనే 'కన్నీరు' అని రాసింది. ఆయన చదివి, కింద సంతకం పెట్టారు. తన గ్లాసులో టీ సగం సాసర్లోకి వంచి ఆమె ముందుకు జరిపారు.

"ఆవిడకేమీ గుర్తు లేదట సార్," అంది హైమవతి. ఆ మాటతో తన మనసు కుదుటపడుతుందనుకుంది.

ఆయన కిటికీలోంచి వార్డువైపు చూశారు.

"నోరు మనమే కట్టేశాం. కాళ్లూ చేతులూ మనమే కట్టేశాం. చెప్పుకోవడానికి ఆవిడకు మిగిలింది గుండె ఒక్కటేనమ్మా. దాన్నీ నోరు మూసుకోమన్నావు."